బిరడా లేకుండా యాభై ఎనిమిది నిమిషాలు

ఆ రోజు మేము పోగొట్టుకున్నవి ఇవి. ఖలీల్ టోపీ ఒకటి. స్టీలు గరిటె ఒకటి. నా భార్య ఎడమ కాలి చెప్పు. మా అమ్మాయి నల్ల కళ్ళద్దాలు. పులిహోర డబ్బా మూత, దానితోపాటు సుమారు పావుకిలో పులిహోర. నాలుగు నిమ్మకాయలు కూడా పోయాయి కానీ, వాటిని ట్రైలరు చక్రాల కింద మేమే పెట్టి తొక్కించాం కాబట్టి లెక్కలోకి రావు. మొత్తం ఐదు.

పోవలసినవి వేరే ఉన్నాయి. ఒక పడవ, అందులోని ఐదుగురు మనుషులు. అవి పోలేదు. ఎందుకు పోలేదో రెండేళ్ళుగా లెక్క వేస్తున్నాను. తేలడం లేదు.

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇంట్లో పూజ చేసేది నా భార్య. నేను హారతి కళ్ళకద్దుకుంటాను, అంతే. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. బందరులో ఇంటరు తప్పి గోదాములో సరుకు లెక్కపెట్టే పనిలో చేరాను. సింగపూరు వచ్చి ఇరవై మూడేళ్ళు. ఇక్కడా ఓడల విడిభాగాల గోదాములో అదే పని. ఆటుపోట్ల లెక్కలూ, నీటి ఒత్తిడి లెక్కలూ లైబ్రరీ పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నాను. గోదాములో ఒక వస్తువు తక్కువ వచ్చిందంటే దొంగ ఉండాలి, లేదా ఎలుక ఉండాలి, లేదా లెక్క రాసినవాడి తప్పు ఉండాలి. నాలుగో కారణం ఉండదు. ఇదీ నేను నమ్మినది.

పడవ సంగతి చెప్తాను. హౌగాంగ్‌లో ఉండే ఖలీల్, నేను కలిసి కొన్న పాత ఫైబరు పడవ అది. పద్దెనిమిది అడుగులు. ఖలీల్‌ది హైదరాబాదు, బ్యాంకులో కంప్యూటరు పని. ఇద్దరం లైసెన్సు పరీక్ష ఒకే రోజు రాశాం. ఉత్తర తీరంలో మడచెట్ల మధ్యకు పోయే వాగులు కొన్ని మిగిలి ఉన్నాయి. పోటు సమయం చూసుకుని అందులోకి వెళ్ళి, పోటు దిగేలోపు బయటికి రావడం మా సరదా. లెక్క తప్పితే బురదలో ఆరు గంటలు కూర్చోవాలి. నా లెక్క ఎప్పుడూ తప్పలేదు.

సింగపూరులో చలికాలం లేదని అందరికీ తెలుసు. కానీ మేము పడవ పెట్టే యార్డు వాళ్ళ ఫారం మీద మాత్రం "వింటర్ స్టోరేజ్" అనే ఉంటుంది. ఎవరో ఏనాడో వేరే దేశపు ఫారం చూసి అచ్చు వేయించారు, ఎవరూ మార్చలేదు. మా చలికాలం అంటే నవంబరు చివర మొదలయ్యే ఈశాన్య రుతుపవనాల వానలు. అప్పుడు పడవను ట్రైలరు మీద ఒడ్డుకు లాగి, ఇంజనును మంచినీళ్ళతో కడిగి, పెట్రోలు తీసేసి, బ్యాటరీ ఇంటికి తెచ్చి, పైన టార్పాలిన్ కట్టి ఫిబ్రవరి దాకా వదిలేస్తాం.

ఇంకొకటి కూడా చెయ్యాలి. పడవ వెనక గోడలో, అడుక్కి దగ్గరగా, నా బొటనవేలు దూరేంత కన్నం ఉంటుంది. అందులో ఇత్తడి బిరడా మరతో బిగించి ఉంటుంది. ఒడ్డున ఉన్నప్పుడు బిరడా తీసేస్తే లోపల పడిన వాన నీరు కారిపోతుంది. మళ్ళీ నీళ్ళలోకి దించే ముందు బిగించాలి. మరిచిపోతే పడవ మునుగుతుంది. పడవలవాళ్ళు చేసే తప్పుల్లో ఇంతకంటే పాతదీ, సిగ్గుచేటైనదీ లేదు.

నేను మరిచిపోకుండా ఒక ఏర్పాటు చేసుకున్నాను. బిరడా తలకాయకున్న చిన్న రంధ్రంలో నైలాను దారం పోసి దాన్ని ఇంజను తాళంచెవికి కట్టేస్తాను. తాళంచెవి లేకుండా ఇంజను నడవదు. కాబట్టి బిరడా లేకుండా పడవ కదలదు. పడవ దించే రోజు కోసం నేను రాసుకున్న జాబితాలో ముప్పై ఒక్క అంశాలున్నాయి. అందులో తాళంచెవి ఉంది. బిరడా లేదు. రెండూ ఒకటే కదా అని, రెండింటినీ ఒకటిగా లెక్కపెట్టాను.

నా భార్య వసంత అనంతపురం మనిషి. చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్ళో బావిలో పడింది. ఎవరో తాడు వేసి పైకి లాగారు. అప్పటినుంచి నీళ్ళంటే పడదు. పడవ కొని మూడేళ్ళయినా ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఆదివారాలు నేనూ ఖలీల్ వెళ్ళడం, ఆమె యూ టీ పేటలోని మా ఫ్లాటులో ఒక్కతే ఉండడం. అది నాకు బాగా ఉండేది కాదు. ఖలీల్‌కీ బాగా ఉండేది కాదు.

"వదిన రాకుంటే గీ పడవ ఎందుకు భయ్యా? మనిద్దరం ముసలోళ్ళం బురద చూస్కుంట కూసునుడేనా?" అనేవాడు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆమె తనంతట తానే ఒప్పుకుంది. షరతు పెట్టింది.

"ఒక్క తూరి వస్తా. నా కాలికి ఒక్క నీళ్ళ చుక్క తగిలిందనుకో, ఆ పడవ అమ్మేయాల. మాటిస్తారా?"

"ఒక్క చుక్క కూడా తగలదు," అన్నాను. మాట అంటే మాటే. ఆమె ఇంకెప్పుడైనా నాతో నీళ్ళ మీదకు వస్తుందా, పడవ ఉంటుందా, రెండూ ఆ ఒక్క ప్రయాణం మీదే ఆధారపడ్డాయి.

మార్చిలో ఒక శనివారం పెట్టుకున్నాం. పదకొండు గంటలకు నిండు పోటు. ముందు రోజు వసంత లిటిల్ ఇండియాకు వెళ్ళి కొబ్బరికాయ, నిమ్మకాయలు, పూలు తెచ్చింది. కొత్త కారు కొంటే ఏం చేస్తామో అదంతా పడవకూ చెయ్యాలని ఆమె పట్టుదల. శనివారం ఉదయం తాళంచెవి అడిగితే ఇచ్చాను, దేవుడి ముందు పెడతానంది. నేను బ్యాటరీ కిందికి దించే పనిలో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి తాళంచెవికి కుంకుమ బొట్టు పెట్టి నా చేతిలో పెట్టింది. సరిగా చూడకుండానే జేబులో వేసుకుని జాబితాలో టిక్కు కొట్టాను.

మా అమ్మాయి మేఘన తలుపు దగ్గర నిలబడి, మాట చివర లా చేర్చే సింగపూరు ఇంగ్లీషు కలిపి, "నాన్నా, మీరు లిస్టు చదివే లోపల టైడ్ గో హోమ్ ఆల్రెడీ లా," అంది.

యార్డులో పడవలు దించే పని చూసేది లిమ్ అంకుల్. డెబ్బై దాటిన మనిషి. ఎవరి పడవ దిగుతున్నా "బంగ్! బంగ్!" అని కేక పెట్టడం ఆయన అలవాటు, బిరడాను వాళ్ళు అలాగే అంటారు. ఆ ఉదయం ఆయన మరో పడవ కింద పడుకుని అడుగు గీకుతున్నాడు. నేనూ ఖలీల్ సొంతంగా ట్రైలరును వెనక్కి తోసి దించుకున్నాం. వెనక గోడ నీళ్ళ వైపు ఉంటుంది కాబట్టి ఎవరూ చూడలేదు. ఇంజను తాళంచెవి తిప్పింది ఖలీల్, బిరడా నేను బిగించేశాననుకున్నాడు, అతను బిగించాడని నేననుకున్నాను. ఖలీల్ భార్య నస్రీన్ కొబ్బరికాయ కొడతానని సరదాపడితే వసంత ఆమె చేతికే ఇచ్చింది. ఒక్క దెబ్బకు రెండు చెక్కలైంది.

రేవు పలకకు పడవ కట్టి మనుషులనూ సామాన్లనూ ఎక్కించడానికి పదకొండు నిమిషాలు పట్టింది. వీటిలో సగం వసంత ఒక కాలు పలక మీద, ఒక కాలు పడవలో పెట్టి నిలబడిన నిమిషాలు. లైఫ్ జాకెట్లు రెండు వేసుకుంటానంది. ఒకటి చాలని ఒప్పించాం. ఆ తంటాలో ఎడమ చెప్పు నీళ్ళలో పడింది.

"చూడండి, ఎక్కకముందే ఒకటి పాయె!" అంది.

"చెప్పుకే కదా తగిలింది వదినా, కాలికి తగల్లే," అన్నాడు ఖలీల్.

ఇంకో చెప్పు కూడా విడిచేసి, వట్టి కాళ్ళతో వెనక సీటులో కూర్చుంది. ఆమె పాదాల కింద ఒక మూత పలక ఉంటుంది. దాని కింద పడవ అడుగు. నీరు ఎక్కడినుంచి వచ్చినా ముందు చేరేది అక్కడే. కన్నం దానికి జానెడు దూరం.

వాగులోకి వెళ్ళాక ఏం జరిగిందో వరసగా రాయాలంటే కష్టం, ఎందుకంటే అందరం ఒకేసారి మాట్లాడుతున్నాం. మడచెట్ల నీడలో నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. వంపు దగ్గర లంగరు వేసి డబ్బాలు విప్పాం. నస్రీన్ కీమా సమోసాలు, మాకు విడిగా ఆలూవి. మాది పులిహోర. నీటిపిల్లుల గుంపు ఒకటి వచ్చింది, తొమ్మిది లెక్కపెట్టాను. ఒకటి చేపను రెండు చేతులతో పట్టుకుని, వెల్లకిలా తేలుతూ, మనుషులు మొక్కజొన్న పొత్తు తిన్నట్టు కరకర తిన్నది. వసంత నవ్వి నవ్వి డబ్బా మీద చెయ్యి వేసింది. మూత, పులిహోర నీళ్ళలోకి. నీలిపిట్టను చూపించబోయి నస్రీన్ గరిటె జారవిడిచింది. మేఘన వీడియో తీయడానికి వంగితే కళ్ళద్దాలు పోయాయి.

"ఫ్రీ డెలివరీ లా, చేపలకి," అంది మేఘన.

ఇరవై నాలుగేళ్ళ కాపురంలో మా ఆవిడ అంతసేపు నవ్వడం నేను చూడలేదు. ఈ మాటకు కొలత నా దగ్గర లేదు, కానీ నిజం.

మధ్యలో ఒకసారి ఆమె నన్ను పిలిచింది.

"ఏమండీ, ఈ పలక కింద ఏముండాది?"

"ఏమీ లేదు. ఖాళీ."

"వెచ్చగా ఉండాది. ఎవురో కింద నుంచి అరచెయ్యి ఆనించినట్ల."

ఇంజను వేడి అని చెప్పాను. చెప్పిన కాసేపటికి నాకే తప్పు అనిపించింది. మా ఇంజను పడవ బయట వెనక తగిలించి ఉంటుంది. అప్పటికి దాన్ని ఆపి అరగంట దాటింది. పడవంతా నీడలో ఉంది. అయినా సమోసా చేతిలో ఉంది, నవ్వులో ఉన్నాం, వదిలేశాను. ఆమె ఆ పలక మీదినుంచి కాళ్ళు తీయలేదు.

లంగరు వేసి ఉన్న సమయం నలభై ఏడు నిమిషాలు. నోటుబుక్కులో రాసి ఉంది. తిరుగు దారిలో వాగు దాటి వెడల్పు నీళ్ళలోకి రాగానే వసంత లేచి నిలబడి కమ్మీ పట్టుకుని, "ఖలీల్ అన్నా, ఇంకా జోరుగా పోనీ!" అని అరిచింది. ఖలీల్ జోరు పెంచాడు. అప్పుడే అతని టోపీ ఎగిరిపోయింది.

యార్డులో ట్రైలరు మీదికి ఎక్కించి లాగుతుంటే ఈసారి లిమ్ అంకుల్ వచ్చాడు. వెనకనుంచి చూసి అడిగాడు.

"బాస్, యువర్ బంగ్ వేర్?"

ఒడ్డుకు లాగాక బిరడా తీయడం మామూలే కాబట్టి ఖలీల్ తీశాడనుకున్నాను. నేను తీశాననుకున్నాడు ఖలీల్. ఇద్దరం తీయలేదు. జేబులోంచి తాళంచెవి తీశాను. దానికి కుంకుమ బొట్టు ఉంది. కత్తిరించిన నైలాను దారం కొస ఉంది. బిరడా లేదు.

లిమ్ అంకుల్ కన్నంలో వేలు పెట్టి తిప్పాడు. ఆకు లేదు, బురద లేదు, ప్లాస్టిక్కు లేదు. నేను పడవలోకి ఎక్కి మూత పలక ఎత్తాను. నవంబరులో తేమ పీల్చడానికి నేనే పరిచిన పాత వార్తాపత్రిక అలాగే ఉంది. చేత్తో తీస్తే గలగలలాడింది. దాని మీద మూడు నెలల దుమ్ము చెదరకుండా ఉంది. బయట నుంచి ఆయన కంటికి కన్నం ఆనించి, "ఐ కెన్ సీ యువర్ షర్ట్. బ్లూ," అన్నాడు. నేను వేసుకున్నది నీలం చొక్కానే.

ఆయన నాలుగడుగులు వెనక్కి వేసి పడవకు ఒక్కసారి తల వంచాడు. తర్వాత పడవ నంబరు ఫోనులో రాసుకుంటూ, "టుడే ఐ గో బై ఫోర్ డీ. యూ ఆల్సో బై," అన్నాడు. ఫోర్ డీ అంటే ఇక్కడి నాలుగంకెల లాటరీ. ఆయనకు తగల్లేదు. అది కూడా రాసి పెడుతున్నాను.

ఖలీల్ కూడా కన్నంలో వేలు పెట్టి చూశాడు. "యా అల్లా," అని రెండుసార్లు అన్నాడు. ఆడవాళ్ళిద్దరూ కొంచెం దూరంలో గొట్టం పట్టుకుని ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుంటున్నారు. "వదినకి చెప్తావా భయ్యా?" అని అడిగాడు మెల్లగా. "చెప్తే ఇగ ఎక్కది. అమ్ముడే."

ఇంటికి వెళ్ళేదాకా నేను చెప్పలేదు. చెప్పకుండా ఉండిపోదామని కూడా అనుకున్నాను. ఒక్క చుక్క తగల్లేదు కదా, మాట నిలబడింది కదా. సాయంత్రం ఆరు దాటింది. కాళ్ళు కడుక్కుని పూజ అలమర ముందు నిలబడితే బిరడా అక్కడ ఉంది. చింతపండుతో తోమినట్టుంది, తళతళలాడుతోంది. తలకాయ రంధ్రంలో కాలిపోయిన అగరబత్తి పుల్ల నిలబడి ఉంది. చుట్టూ బూడిద.

"అగరబత్తి స్టాండు విరిగిపోయిండ్లా, అది బాగా సరిపోయింది," అంది వసంత వెనకనుంచి. "దారం కత్తిరించినా. ఏం, ముఖ్యమైందా?"

అప్పుడు చెప్పక తప్పలేదు. కన్నం ఏమిటో, బిరడా ఏమిటో, తాళంచెవికి ఎందుకు కట్టానో, నా జాబితాలో ఎందుకు లేదో మొత్తం చెప్పాను. దారం కత్తిరించింది ఆమే అయినా తప్పు నాదే, రెండు వస్తువులను ఒకటిగా లెక్కపెట్టినవాణ్ణి నేను. పడవ అమ్మేద్దాం అని కూడా నేనే అన్నాను.

ఆమె బిరడాలోంచి పుల్ల తీసి పక్కన పెట్టింది. తర్వాత బావి సంగతి చెప్పింది. బావిలో పడిందని నాకు తెలుసు. తెలియనిది ఒకటుంది.

"నాకు ఈత రాదు కదా. తాడు తెచ్చేదాకా నేను మునగలే. ఎట్ల మునగలేదని ఊరంతా అడిగినారు. కింద అరచెయ్యి ఉండింది. వెచ్చగా. నేను ఎవురికీ చెప్పలే. నీళ్ళంటే భయం నాకు మునిగిపోతానని కాదండీ. అది మళ్ళీ వస్తుందేమోనని."

"ఇప్పుడో?" అన్నాను.

"ఇప్పుడేముంది. నన్ను ఎత్తిపట్టుకునే దానికే గదా వచ్చింది," అంది. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. "పాపం, ఐదుమందిమి. సమోసాలు వేరే."

పడవ అమ్మలేదు. ఆ తర్వాత ఆమె పందొమ్మిదిసార్లు వచ్చింది. పోయిన ఏడాది లైసెన్సు పరీక్ష కూడా పాసైంది. నాకంటే మూడు మార్కులు ఎక్కువ. వట్టి కాళ్ళతో ఆ పలక మీదే నిలబడి నడుపుతుంది. పలక మళ్ళీ ఎప్పుడూ వెచ్చగా లేదట. అడిగినప్పుడల్లా కొంచెం బాధగానే చెప్తుంది. బిరడా ఇప్పుడు నా జాబితాలో ముప్పై రెండో అంశం.

నేను మాత్రం లెక్క వదల్లేదు. ముందుగా కన్నం నీటిమట్టం కంటే పైన ఉందేమో చూశాను. ఐదుగురు ఎక్కితే ఇరవై సెంటీమీటర్లు కిందే ఉంటుంది. పడవ జోరుగా పోతుంటే నీరు లోపలికి రాకుండా బయటికే లాగుతుందని ఖలీల్ అన్నాడు. నిజమే. అందుకే కదిలిన సమయమంతా లెక్కలోంచి తీసేశాను. రేవు పలక దగ్గర పదకొండు, లంగరు మీద నలభై ఏడు, కదలకుండా ఉన్నవి యాభై ఎనిమిది నిమిషాలు.

తర్వాత ఒక ప్లాస్టిక్ డ్రమ్ముకు అంతే కన్నం పెట్టి, యార్డు తొట్టిలో అంతే లోతుకు దించి, ఇరవై సెకన్లు చూశాను. పన్నెండు లీటర్లు వచ్చాయి. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. నిమిషానికి ముప్పై ఆరు. మా పడవ ఐదుగురితో మహా అయితే ఆరువందల లీటర్లు మోస్తుంది. అంటే పదిహేడో నిమిషానికి మునగాలి. మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టకముందే.

చివరికి పడవనే పరీక్షించాను. ట్రైలరు మీద ఉంచి, కట్టి, లిమ్ అంకుల్ని పక్కన పెట్టుకుని, రేవులో దించి బిరడా తీశాను. నీరు నా మోచేతి దాకా ఎగదన్నింది. ఆయన "నా! సీ!" అని, అంటే ఇదిగో చూశావా అని, నన్నే కోప్పడ్డాడు. కన్నం బాగానే పనిచేస్తోంది.

దొంగ లేడు. ఎలుక లేదు. లెక్కలో తప్పు దొరికితే సంతోషంగా ఒప్పుకుంటాను, ఇంతవరకు దొరకలేదు. వసంత చెప్పినదాన్ని ఉన్నది ఉన్నట్టు రాశాను, దాన్ని ఏ పద్దులో వెయ్యాలో నాకు తెలియదు. యాభై ఎనిమిది నిమిషాలు, నిమిషానికి ముప్పై ఆరు. లోపలికి వచ్చినది సున్నా. ఆ వాగు మా పడవకు నేటికీ బాకీ ఉన్న నీళ్ళు రెండు వేల ఎనభై ఎనిమిది లీటర్లు.